లప్పం పూస్తే ఓడ అవుతుందా?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో చెక్కతో నమూనా తెరచాప ఓడలు తయారుచేసేవారి గురించి ఒక పూర్తి పేజీ వేశారు. ఈ పనికి ఒక పత్రికలో పేజీ దక్కడం నేను చూడడం ఇదే మొదటిసారి. సంతోషంతో కత్తిరించి దాచుకున్నాను. దాచుకున్న కాగితాన్నే మళ్లీ మళ్లీ తీసి చదివి కోపం కూడా తెచ్చుకుంటున్నాను. ఓడ పొట్టకు పలకలు వేయడం గురించి మీ విలేకరి అందులో మూడే ముక్కలు రాశారు. పలకలుగా వేసే సన్నటి చెక్క పట్టీలను నీళ్లలో నానబెడితే ఎటు కావాలంటే అటు వంగుతాయట. ఒకదాని పక్కన ఒకటి అతికించుకుంటూ పోతే రెండు సాయంత్రాల్లో పని ముగుస్తుందట. ఎక్కడైనా సందు మిగిలితే లప్పం పూసి రుద్దేస్తే సరిపోతుందట. మూడూ తప్పే. ఈ మూడింటినీ నమ్మి ఒక ఓడను చెత్తలో పారేసినవాణ్ని కనుక ధైర్యంగా చెబుతున్నాను.

నేను దర్జీని. ముప్పై ఎనిమిదేళ్లుగా ఇదే నా బతుకుతెరువు. ఓడల పిచ్చి పట్టి పదహారేళ్లయింది. పారేసినది పోగా ఆరు పూర్తయ్యాయి, మరొకటి ఇప్పుడు బల్ల మీద ఉంది. నన్నడిగితే కోటు కుట్టడానికీ ఓడకు పలకలు వేయడానికీ పెద్ద తేడా లేదు. గుడ్డ చదునుగా ఉంటుంది, మనిషి ఒళ్లు గుండ్రంగా ఉంటుంది. చదునైనదాన్ని గుండ్రటిదాని మీద ముడత పడకుండా కూర్చోబెట్టడమే మా విద్య. అందుకే ఒకచోట డాట్లు, అంటే గుడ్డను మడిచి కుట్టే కుట్లు, వేస్తాం, ఒకచోట తీసేస్తాం, ఒకచోట ముక్క అతుకుతాం. గుడ్డయితే కాస్త లాగినా తప్పు కప్పిపుచ్చుకోవచ్చు. చెక్క తన పంతమే నెగ్గించుకుంటుంది.

ఈ పని ఎరగని పాఠకుల కోసం నాలుగు మాటలు. నమూనా ఓడకు ముందు ఒక వెన్నుచెక్క ఉంటుంది. దానికి వరసగా అడ్డచెక్కలు నిలబెడతాం. అణియం, అంటే ఓడ ముందు కొస, దగ్గర ఇవి ఇరుకుగా ఉంటాయి. నడుమ బొద్దుగా ఉంటాయి. అమరం, అంటే వెనక కొస, దగ్గరికి వచ్చేసరికి కింద కత్తిలా సన్నబడి పైన విచ్చుకుంటాయి. ఈ అస్థిపంజరానికి తోలు తొడగడమే పలకలు వేయడం. ఓడ విడిభాగాలతో అమ్మే తయారీ పెట్టెల్లో వచ్చే పట్టీలు చాలావరకు 5 మిల్లీమీటర్ల వెడల్పు, 1.5 మిల్లీమీటర్ల మందంలో ఉంటాయి. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే వెడల్పు. తంటా అంతా ఆ ఒకటే వెడల్పులో ఉంది.

ఓడ పక్కల వెంట ఉబ్బెత్తుగా సాగే మందపాటి పలకల వరసను వేల్ అంటారు. నేను నడుంపట్టీ అంటాను. నా మొదటి ఓడలో నడుంపట్టీ కింది అంచు నుంచి వెన్ను దాకా, అడ్డచెక్క వంపు వెంట టేపు పెట్టి కొలిస్తే మధ్యలో 120 మిల్లీమీటర్లు. పలకకు 5 చొప్పున 24 పలకలు. అణియం దగ్గర అదే కొలత 54. అక్కడ 24 పలకలూ పట్టాలంటే ఒక్కొక్కటి 2.25 ఉండాలి. అమరం దగ్గర 132, అంటే ఒక్కొక్కటి 5.5 కావాలి. పట్టీయేమో 5. ఇంత చిన్న లెక్కను నేను పలకలు వేసేముందు వేయలేదు. ఒంటి కొలత లేకుండా గుడ్డ మీద కత్తెర పెట్టనివాణ్ని, ఇక్కడ మాత్రం జిగురు సీసా మూతతో మొదలుపెట్టాను. పలకలన్నీ ఊడబెరికిన తరవాత, మిగిలిన అస్థిపంజరం మీద కొలిచి చూసుకున్న అంకెలివి.

జరిగింది చెబుతాను. నడుంపట్టీ కింద మొదటి నాలుగైదు పలకలు బుద్ధిగా కూర్చున్నాయి. ఆరో పలక అణియం దగ్గరికి వచ్చేసరికి పై పలక మీదికి ఎక్కుతానంది. కిందికి నొక్కి గుండుసూది గుచ్చాను. పై అంచు అడ్డచెక్కకు ఆనింది, కింది అంచు లేచి నిలబడింది. కింది అంచును నొక్కితే పైది లేచింది. వేలితో పట్టుకుని పావుగంట కూర్చున్నాను. వేలు తీయగానే మళ్లీ మొదటికే వచ్చింది. పదో పలకకు ఆ ప్రాంతమంతా పెంకులు కప్పినట్టు మెట్లుమెట్లుగా తయారైంది. పదమూడో పలక నుంచి కొసలను కత్తితో సూదుల్లా చెక్కి ఎక్కడ చోటుంటే అక్కడ ఇరికించాను. అమరం వైపు పలకల మధ్య చిటికెన వేలు గోరు దూరేంత సందులు మిగిలాయి. అప్పుడు లప్పం. రెండు పొరలు పూసి, ఉప్పుకాగితంతో రుద్ది, రంగు వేశాను. దూరం నుంచి చూస్తే ముద్దుగానే ఉంది. ఆరు నెలలకు రంగు కింద నుంచి సన్నటి పగుళ్లు ఒక్కొక్కటే తేలాయి, సరిగ్గా పలకల అంచుల వెంట. చెక్క తేమకు ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. గట్టిపడ్డ లప్పానికి ఆ రాకపోకలు చేతకావు. నేను దాచిన ప్రతి సందునూ ఓడే గీత గీసి చూపించింది.

ఇప్పుడు చేసే పద్ధతి వేరు. సన్నటి కాగితపు పట్టీని అడ్డచెక్క వంపు వెంట ఆనించి, నడుంపట్టీ దగ్గర ఒక గుర్తు, వెన్ను దగ్గర ఒక గుర్తు పెడతాను. ఆ పొడవును పలకల సంఖ్యతో సమంగా పంచి, ఆ గుర్తులను తిరిగి అడ్డచెక్క అంచు మీద పెన్సిలుతో దించుతాను. ప్రతి అడ్డచెక్కకూ, రెండు పక్కలా ఇదే పని. ఇది అయ్యాక ఓడ మీద ఒక్క పలక లేకపోయినా అన్ని పలకలూ కనిపిస్తాయి. గుడ్డ మీద సుద్దగీతలు చూసినప్పుడు కోటు కనిపించినట్టే. ఆ గుర్తుల ప్రకారం పట్టీని మధ్యలో నిండుగా ఉంచి, అణియం వైపు చిన్న చిత్రికతో సన్నం చేస్తాను. అలా సన్నం చేసిన పలక దాదాపు తనంతట తానే వెళ్లి కూర్చుంటుంది. ఎక్కడైనా మొండికేస్తే తప్పు దానిది కాదు, నా గుర్తులది.

సన్నం చేయడానికీ హద్దుంది. పలక కొస అసలు వెడల్పులో సగానికి తగ్గకూడదని ఓడల పనిలో పాత నియమం. అసలు ఓడల్లో దీనికి గట్టి కారణమే ఉంది. సూదిలాంటి కొసలో మేకు దిగితే చీలిపోతుంది, చీలిన చోట నీరు చొరబడుతుంది. నా మొదటి ఓడలో లెక్క 2.25 దగ్గర తేలింది, సగమేమో 2.5. అలాంటప్పుడు నాలుగు పలకలను అణియం దాకా పోనివ్వకుండా ముందే ఆపేయాలి. మిగిలిన 20 పలకలకు 54 పంచితే 2.7 వస్తుంది, హద్దులోనే ఉన్నాం. ఆగిపోయే పలక కొసను మొద్దుగా కోసి, పక్క పలకలో చెక్కిన గూటిలో కూర్చోబెడతాం. అమరం దగ్గర దీనికి తిరగేసిన కథ. అక్కడ 12 మిల్లీమీటర్ల లోటు, కనుక పలకల మధ్య కోసు ముక్కలు చొప్పించాలి. వీటిని స్టీలర్లు అంటారు. గుడ్డ చాలని చోట ముక్క వేయని దర్జీ ఎవరు? అతుకు దాచడంలో కాదు, అతుకు ఎక్కడ పడాలో అక్కడ పడేలా చూడడంలో ఉంది పనితనం.

ఇక నానబెడితే ఎటైనా వంగుతుందన్న మాట. పట్టీని చదును వైపు వంచడం తేలిక. దాన్నే అంచు మీద నిలబెట్టి పక్కకు వంచి చూడండి. 5 మిల్లీమీటర్ల వెడల్పు, 1.5 మిల్లీమీటర్ల మందం ఉన్న పట్టీకి ఆ దిశలో పదకొండు రెట్లు ఎక్కువ బిగువు ఉంటుంది. నానబెట్టినా ఆ నిష్పత్తి అలాగే ఉంటుంది. పైగా చెక్కను నిజంగా మెత్తబరిచేది నీరు కాదు, వేడి. చెక్క పోగులను పట్టి ఉంచే లిగ్నిన్ వేడికి సడలి, చల్లారాక కొత్త వంపులో బిగుసుకుంటుంది. నీటి పని ఆ వేడిని లోపలికి చేర్చడం, చెక్క మాడకుండా కాపాడడం. తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టెతో కోటు కాలరుకు వంపు తెచ్చేవాణ్ని కనుక ఈ ఒక్క విషయం మాత్రం నాకెవరూ నేర్పనక్కర్లేకపోయింది. పట్టీని పది నిమిషాలు తడుపుతాను, కావలసిన వంపుకు బిగించి ఇస్త్రీపెట్టె కొస ఆనిస్తాను, బిగించినదాన్ని అలాగే రాత్రంతా వదిలేస్తాను. తడి ఆరకముందే అతికిస్తే ఏమవుతుందో కూడా చూశాను. పలక ఆరుతూ వెడల్పులో ముడుచుకుని పక్క పలక నుంచి వెంట్రుకవాసి జరుగుతుంది. ఇరవై నాలుగు పలకలకు ఇరవై నాలుగు వెంట్రుకలు. మీ విలేకరి లప్పం పూయమన్న సందుల్లో సగం ఆయన చెప్పిన నీళ్ల వల్ల వచ్చినవే.

రెండు సాయంత్రాల సంగతికి వస్తాను. ఒక్క పలక కూడా వేయకముందు అడ్డచెక్కల అంచులు వాలుగా రుద్దడానికే నాకు రెండు వారాలు పడుతుంది. అణియం వైపు ఓడ ఇరుకవుతుంది కనుక అక్కడి అడ్డచెక్కల ముందు అంచు పలకకు అడ్డు వస్తుంది. దాన్ని వాలుగా అరగదీయాలి, వెనక అంచును ముట్టుకోకూడదు. అమరం వైపు దీనికి ఎదురు. ఇది చేయకపోతే పలక చెక్క మీద కాక చెక్క మొన మీద ఆనుతుంది, జిగురుకు పట్టు దొరకదు. సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి జిగురు లేకుండా ఒక పట్టీని నాలుగైదు అడ్డచెక్కల మీదుగా ఆనించి, కింద దీపం పెట్టి చూస్తాను. ఎక్కడ వెలుగు తొంగి చూస్తే అక్కడ ఇంకా పని ఉంది. కొన్నిసార్లు కన్నుకు తెలియనిది వేలికి తెలుస్తుంది. కళ్లు మూసుకుని పట్టీ మీద వేలు నడిపిస్తే గతుకు దగ్గర వేలు ఆగుతుంది.

మొన్న ఇప్పటి ఓడకు గార్బోర్డ్ వేశాను. వెన్నును ఆనుకుని పోయే మొట్టమొదటి పలక అది. ఓడ మొత్తం మీద నన్ను భయపెట్టే పలక అదొక్కటే. మధ్యలో దాదాపు వెల్లకిలా పడుకుని ఉంటుంది. వెనక్కు పోయేకొద్దీ మెలి తిరుగుతూ, అమరపు దుంగ చేరేసరికి గోడలా నిలువుగా నిలబడుతుంది. ముందు వైపు దాన్ని అణియపు దుంగ మీదికి పాకనివ్వడం కొత్తవారందరూ చేసే తప్పు. నేనూ చేశాను. అది ఎంత పైకి పాకితే పై పలకలన్నీ అణియం దగ్గర అంత పైకి తోసుకుపోతాయి. అందుకని ముందు కొసను పెందలాడే ఆపి, గుండ్రంగా కోశాను. మెలికను ఇస్త్రీపెట్టె దగ్గరే పెట్టి ఆరబెట్టాను. వెన్నులో ముందే చెక్కి ఉంచిన గాడిలోకి పలక అంచును వెనక నుంచి ముందుకు వేలితో తోసుకుంటూ వచ్చాను. చివరి బెత్తెడు మిగిలిందనగా టక్కున చిన్న చప్పుడు. విరిగిందనుకుని ఊపిరి బిగబట్టాను. తిప్పి చూస్తే విరగలేదు, పలక గాడిలో కూర్చున్న చప్పుడది. పదహారేళ్లలో ఆ చప్పుడు రెండుసార్లే విన్నాను. ఆ రాత్రి ఇంకే పనీ ముట్టుకోలేదు.

ఎడమవైపు ఒక పలక వేస్తే వెంటనే కుడివైపు దాని జోడు వేయాలన్న మాట మీ పేజీలో ఎక్కడా లేదు. ఒక పక్కంతా ముందు పూర్తి చేస్తే ఆ బిగువుకు వెన్నుచెక్క అరటిపండులా వంగిపోతుంది. తరవాత రెండో పక్క వేసి సరిచేద్దామంటే కుదరదు. రెండు పక్కలకూ ఒకే కొలబద్ద వాడాలని కూడా చెప్పాలి. నవ్వకండి. 1628లో తొలి ప్రయాణంలోనే స్టాక్‌హోమ్ రేవులో మునిగిపోయిన వాసా అనే స్వీడన్ యుద్ధనౌకను 1961లో పైకి తీశారు. అందులో వడ్రంగుల కొలబద్దలు నాలుగు దొరికాయి. రెండింటిలో అడుగంటే పన్నెండు అంగుళాలు, మిగతా రెండింటిలో అడుగంటే పదకొండే. ఓడ ఎడమ కుడి పక్కలు కొలిస్తే సమానంగా లేవు. ఓడ మునగడానికి పైభాగం బరువెక్కి స్థిరత్వం లేకపోవడమే ముఖ్య కారణమంటారు, అది వేరే సంగతి. అయినా రెండు టేపులతో ఒకే కోటు కుట్టిన దర్జీని తలుచుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. రెండు పొరల పలకలు వేసే ఓడలో మొదటి పొర కంటికి కనిపించదు. అక్కడ చిన్న చిన్న గుంటలకు లప్పం పూయడం తప్పు కాదు, నేనూ పూస్తాను. కానీ మెట్లుమెట్లుగా లేచిన పలకల మీద పూస్తే లాభం లేదు. పైపొర పట్టీ మందం తరచు అర మిల్లీమీటరో, ఒక మిల్లీమీటరో ఉంటుంది. కింద ఏ వంకర ఉంటే అది చొక్కాలోంచి బనియను కనిపించినట్టు బయటికి కనిపిస్తుంది.

పట్టీ పొడవు గురించి కూడా ఒక్క మాట. 1:64 కొలతలో 60 సెంటీమీటర్ల ఓడకు కొస నుంచి కొస దాకా ఒకే పట్టీ వేస్తే, అసలు ఓడలో అది 38 మీటర్ల పలక అవుతుంది. అంత పొడుగు పలక ఏ వడ్రంగి తెచ్చాడు? అసలు పలకలు ఏడు మీటర్ల చుట్టుపక్కల ఉండేవనుకుంటే మన ఓడలో 11 సెంటీమీటర్ల ముక్కలు వేయాలి. ఒకే అడ్డచెక్క మీద రెండు అతుకులు పడాలంటే మధ్య కనీసం మూడు వరసల ఎడం ఉండాలి. ఇటుకల గోడ కట్టేవారికి చెప్పనక్కర్లేని సంగతే ఇది. పెట్టెలో పొడుగు పట్టీలు ఇచ్చారు కదా అని నేనూ మొదట్లో అలాగే వేశాను. ఇప్పుడు ఆ ఓడలను చూస్తే అతుకు లేని గుడ్డతో కుట్టిన కోటును చూసినట్టుంటుంది.

ఇదంతా చదివి ఎవరైనా జడిస్తే వారికో ఊరట. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండ్ నౌకాదళం కోసం చేసిన నమూనా ఓడల్లో చాలావాటికి పొట్ట కింది భాగంలో పలకలు వేయకుండా అస్థిపంజరాన్ని అలాగే వదిలేశారు. ఇప్పుడవి ప్రదర్శనశాలల్లో గాజుపెట్టెల్లో ఉన్నాయి. మరీ విసుగొస్తే వారి బాటే పట్టవచ్చు, ఎవరూ తప్పుపట్టరు. తొందరపడేవారికి మరొకటి చెబుతాను. బ్రిటిష్ నౌకాదళాధిపతి నెల్సన్ ఓడగా పేరుపొందిన విక్టరీకి 1759లో వెన్ను వేసి, 1765లో నీటిలోకి దింపారు. మధ్యలో చట్రాన్ని ఏళ్ల తరబడి ఆరనిచ్చారు. ఆ ఓడకే ఇప్పుడు పోర్ట్స్‌మత్‌లో పుచ్చిన పలకలు తీసి కొత్తవి వేస్తున్నారు. 2022లో మొదలైన పని అది. వాళ్లెవరూ రెండు సాయంత్రాలని చెప్పలేదు.

నేను ఇంత ఉత్తరం రాయడానికి అసలు కారణం మీరు వేసిన బొమ్మ. "పూర్తయిన ఓడ పొట్ట" అని కింద రాశారు. భూతద్దం పెట్టి చూశాను. అణియం దగ్గర పైనుంచి తొమ్మిదో పలక మొదలు పన్నెండో పలక దాకా నాలుగింటి కొసలు సూదుల్లా ఉన్నాయి. వాటి కింద తెల్లటి మచ్చ లప్పమే. ఓడ పక్కన నిలబడి నవ్వుతున్న కుర్రవాడికి పద్దెనిమిదేళ్లుంటాయేమో. అది అతని మొదటి ఓడ అని రాశారు. నా మొదటి ఓడకన్నా చాలా మెరుగ్గా ఉంది, ఈ మాట అతనికి తప్పకుండా చెప్పండి. ఇంకా రంగు వేయకపోతే దాన్ని కాపాడవచ్చని కూడా చెప్పండి. అతను వాడినది తెల్ల జిగురైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిని ఆ నాలుగు పలకల అతుకుల మీద అరగంట ఉంచాలి. ఆపైన సన్నటి కత్తిని వెనక నుంచి ముందుకు జరిపితే అవి విరగకుండా వస్తాయి. కింద అడ్డచెక్కల మీద పాత జిగురును గీకేసి, తొమ్మిదో పలకను నాలుగో అడ్డచెక్క దగ్గర ఆపి, మిగతా మూడింటికీ ఆ చోటు పంచితే సరి. తీసేసిన పలకలను పారేయవద్దనండి. వాటిని కాగితం మీద పెట్టి గీత గీసుకుంటే కొత్త పలకలకు అవే ఆది కొలతలు.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు, ఒక దర్జీ